ఫానీ హెన్సెల్ పన్నెండు మాసములు

2007వ సంవత్సరమున లౌమా స్క్రీదె యను లాట్వియా దేశపు యువతి పియానోపై వాయించిన చిన్న ఖండికల రికార్డొకటి సోనీ కంపెనీవారి పేర వెలువడినది. మరుసటి యేట దానికి జర్మనీలో ఎకో క్లాసిక్ అను బహుమానము లభించినది. అందలి రచన పేరు ‘సంవత్సరము’. నెలకొక ఖండిక చొప్పున పన్నెండును, కడపట భరతవాక్యము వంటి చిన్న ఖండిక యొకటియు గల మాలిక యది. దానిని రచించినది 1841లో, అచ్చుపడినది 1989లో. నడుమ 148 ఏండ్లు గడచినవి. ఇంత జాప్యమునకు రచనయందలి లోపము కారణము గాదు. రచయిత్రి స్త్రీ యగుట యొక కారణము. ఆమె మిక్కిలి సంస్కారవంతమైన కుటుంబమున పుట్టుట రెండవ కారణము. ఈ రెండవ మాట వినుటకు వింతగా నుండవచ్చును. కాని సంస్కరణాభిలాషులగు గృహస్థులు విశేషించి ఆలోచింపవలసినది దానినే యని నా తలంపు.

కథకు ముందు వాద్యమును గూర్చి రెండు మాటలు. మన పరకాల ప్రాంతమున మెట్ల వాద్యమనగా హార్మోనియమే. భజన మందిరములందును, నాటకపు పందిళ్ళయందును దాని ధ్వని విననివా రరుదు. పియానో దానికి దూరపు చుట్టము. హార్మోనియములో తిత్తి గాలి నూదగా లోహపు నాలుకలు మ్రోగును. వ్రేలు మెట్టుపై నున్నంతసేపు స్వరము నిలుచును. పియానోలో మెట్టు నొక్కగనే లోపలి చిన్న సుత్తి తీగను కొట్టి వెనుకకు తగ్గును. పుట్టిన క్షణమునుండియే స్వరము క్షీణించుచుండును. వ్రేలి యొత్తిడిని బట్టి ధ్వని మృదువుగనో గట్టిగనో వచ్చును. ఇటలీ దేశస్థుడు క్రిస్టొఫోరి 1700 ప్రాంతమున దీనిని నిర్మించెను. గమకము రెంటికిని చేతగాదు. ఆ లోపమును ముఖ్యముగ నెత్తిచూపియే ఆలిండియా రేడియోవారు 1940లో హార్మోనియమును బహిష్కరించిరి. ఆ కట్టుబాటు సడలుటకు 1971 రావలసివచ్చెను. పియానోకు వ్రాసినవారు గమకము లేని కొరతను వేరొక త్రోవను తీర్చుకొనిరి. పది వ్రేళ్ళతో పెక్కు స్వరముల నేకకాలమున పలికించి, ఒక పాట వెంట మరియొక పాటను నీడవలె నడపిరి.

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపాయందు మధ్యతరగతి యిండ్లలోనికి పియానో ప్రవేశించినది. ఆ యిండ్లకు దీర్ఘమైన సొనాటాలకంటె, రెండు మూడు నిమిషములలో నొక భావమును పలికి ముగించు ఖండికలు మిక్కిలి యనువైనవి. రాగము తానము పల్లవి ముగిసిన పిదప పాడు జావళి మనకెట్టిదో, ఆ ఖండిక వారికట్టిది. షూబెర్టు, షోపే, షూమాన్ మున్నగువారు ఈ రీతిని గొప్ప కళగా తీర్చిరి. ఫెలిక్సు మెండెల్సోన్ ‘మాటలులేని పాటలు’ అను పేర ఆరేసి ఖండికల సంపుటములను వెలువరించెను. మొదటిది 1832లో లండను నగరమున అచ్చుపడినది. తరువాతి కాలమున గ్రామఫోను పుట్టినపుడును ఈ చిన్న ఖండికలే ముందుగా రికార్డుల కెక్కినవి. తొలినాటి రికార్డు ఒక ప్రక్కను మూడు నాలుగు నిమిషములకంటె పట్టదు గదా! నార్వే దేశపు గ్రీగు 1903లో పారిసునగరమున తన ఖండికలను తానే వాయించి రికార్డు చేయించెను.

ఇండ్లలో వీనిని వాయించినవా రెవరు? తరచుగా ఆ యింటి కూతుండ్రు. పియానో వచ్చుట పెండ్లికొక యర్హత. మన పెండ్లిచూపులలో “అమ్మాయికి సంగీతము వచ్చునా?” అని యడుగుట మన మెరుగుదుము. ఆ పిల్ల తలవంచుకొని పాడిన పాట అందరికి నచ్చి, పెండ్లియై, యేడాది తిరుగకుండగనే ఆమె హార్మోనియము అటకెక్కుటయు నెరుగుదుము. ఆమె కంఠమున కంతటితో పని తీరినట్లే. ఫానీ కథ ఈ కథకు మిక్కిలి సమీపమైనది. భేద మేమనగా, ఆమె ప్రతిభ అటకెక్కించుటకు వీలుగానంత పెద్దది.

ఫానీ 1805 నవంబరు 14వ తేదీని హాంబర్గునగరమున జన్మించెను. ఆమె తాత మోజెస్ మెండెల్సోన్ యూదులలో నవచైతన్యమునకు మూలపురుషుడైన తత్త్వవేత్త. మతద్వేషము తగదనియు, బుద్ధికి సంకెలలు వేయరాదనియు జీవితమంతయు వాదించినవాడు. తండ్రి ఆబ్రహాము సంపన్నుడగు బ్యాంకరు. బెర్లినులో వారి గృహము విద్వాంసులకు కూడలి. ఆ యింట బిడ్డల చదువులో ఆడ మగ భేదము చాలవరకు లేదు. ఫానీకిని, ఆమెకంటె మూడేండ్లు చిన్నవాడగు తమ్ముడు ఫెలిక్సునకును సంగీతరచన నేర్పిన గురువొక్కడే, త్సెల్టరు. పదుమూడవ యేట ఆమె తండ్రి పుట్టినరోజు కానుకగా బాఖు వ్రాసిన 24 ప్రెల్యూడులను పుస్తకము చూడక వాయించి వినిపించెను. ఇట్టి శిక్షణము ఆ కాలమున ఎందరు బాలురకు మాత్రము దొరికెను?

అట్టి తండ్రియే 1820లో, ఫానీ పదునాలుగేండ్ల పిల్లయై యుండగా, పారిసునుండి ఆమెకొక యుత్తరము వ్రాసెను. సంగీతము ఫెలిక్సునకు వృత్తి కావచ్చునట. ఆమెకు మాత్ర మది ఆభరణముగనే యుండదగునట, జీవితమునకు ఆధారస్వరము కాగూడదట. 1828లో ఆమె పుట్టినరోజున మరల వ్రాసెను: యువతికి గల యేకైక ధర్మము గృహిణీత్వమనియు, దానికై శ్రద్ధగా సిద్ధపడవలెననియు. అప్పటి కామె వయస్సు 23. పాటలను, పియానో రచనలను పెక్కింటిని వ్రాసియుండెను.

ఆబ్రహాము క్రూరుడు గాడు. కూతును ప్రేమించెను, ఆమె విద్యకై ధనమును వెచ్చించెను, ఆమె వాయించినపుడు పొంగిపోయెను. చదువు నిచ్చినచేతనే ఆ చదువునకు గడప హద్దుగా గీచెను. మూఢాచారము గల యింట ఆడపిల్ల నేర్వనే నేర్వదు; సంస్కారము గల యింట నేర్చును, నేర్చి లోపలనే యుండును. రెండవ దుఃఖము సూక్ష్మమైనది గనుక ఎవరికిని కనబడదు, కొన్నిసారులు అనుభవించువారికి సైతము.

ఫెలిక్సు అక్కను మిక్కిలి గౌరవించినవాడు. తన రచనలను ముం దామెకు చూపి, ఆమె సూచనల ననుసరించి దిద్దుకొనెను. అయినను 1827, 1830 సంవత్సరములలో తన పేర అచ్చువేసిన పాటల సంపుటములు రెంటిలోను ఫానీ పాటలను మూడేసి చేర్చెను. పుస్తకముపై ఆమె పేరు లేదు. దీనికొక ఫల మీ విధముగ పరిణమించినది. 1842లో ఆతడు లండనులో విక్టోరియా రాణిని దర్శించినపుడు, ఆమె యాతని సంపుటమునుండి తనకు ప్రియమైన పాట నొకదానిని పాడెను. అది ‘ఇటలీ’ యను పాట, ఫానీ వ్రాసినది. ఫెలిక్సు సత్యమును దాచక ఆ మాట రాణితో చెప్పెను. తానే యా సంగతిని ఇంటికి జాబు వ్రాసెను. ఇది యాతని సత్యసంధతకు నిదర్శనమే. కాని సత్యము రాణిమందిరమున చెప్పుటకును, పుస్తకపు ముఖపత్రముపై చెప్పుటకును వ్యత్యాసము కలదు.

1829లో ఫానీ విల్హెల్మ్ హెన్సెల్ అను ఆస్థాన చిత్రకారుని పెండ్లాడెను. ఈ కథయందలి పురుషులలో నా కెక్కువ గౌరవము కలిగించినవా డితడు. సంగీతము తనకు చేతగాకున్నను, భార్య వ్రాయవలెననియు, వ్రాసినది అచ్చువేయవలెననియు ప్రోత్సహించుచుండెను. 1837లో తల్లి ఫెలిక్సునకు జాబు వ్రాసి, ఫానీ రచనల ప్రకటనమునకు ఆమెను పురికొల్పుమని కోరెను. తమ్ముడు ఒప్పుకొనలేదు. ఆమె గ్రంథకర్త్రి కాదగిన స్వభావము గలది కాదనియు, ఇల్లు చక్కబెట్టుకొను నుత్తమ స్త్రీయనియు, తానుగా మాత్ర మామెను ప్రేరేపింపననియు ప్రత్యుత్తరమిచ్చెను. తండ్రి అప్పటికి రెండేండ్ల క్రిందటనే గతించియుండెను. ఆయన గీచిన గీత మాత్రము గతింపలేదు.

ఆ గీత లోపలనే ఫానీ ఒక చిన్న రాజ్యమును నిర్మించుకొనెను. బెర్లినులో లైప్సిగు వీధి 3వ నంబరు గృహమున, తోట ప్రక్క హాలులో, ఆదివారపు కచేరీలను నడపెను. గాయకబృందమును తానే శిక్షణ యిచ్చి నడపించెను. పియానో తానే వాయించెను. బాఖు, బేతోవెను, ఫెలిక్సు రచనలతోపాటు అప్పుడప్పుడు తనవియు చేర్చెను. లిస్టు వంటి మహావిద్వాంసులు వచ్చి వినిరి. ఇవి ఇంటిలో జరిగినవి గనుక ‘బహిరంగము’ గావు. టిక్కెట్లు లేవు గనుక వృత్తియు గాదు. నిజముగ బహిరంగ వేదికపై ఆమె వాయించినట్లు తెలియున దొక్కసారే. 1838 ఫిబ్రవరిలో, ధర్మార్థమై జరిగిన కచేరీలో, అదియు తమ్ముని రచనను.

1839లో భర్తతోను కుమారునితోను ఆమె ఇటలీ యాత్రకు వెడలెను. రోములో గడపిన మాసము లామె జీవితములో మిక్కిలి స్వేచ్ఛ గలవి. అచ్చట ఫ్రెంచి ప్రభుత్వపు విద్యార్థులు కొందరు, వారిలో తరువాత ప్రసిద్ధుడైన గూనో యొకడు, ఆమె పియానో వినుటకు రాత్రులందు గుమిగూడిరి. బాఖు, బేతోవెను సంగీతము తనకు పరిచితమగుటకు ఆమెయే కారణమని గూనో తరువాత వ్రాసికొనెను. ఇంటివారి దృష్టిలో ఆభరణముగ నున్న విద్య, పరదేశీయుల దృష్టిలో గురుపీఠ మైనది.

తిరిగివచ్చిన పిమ్మట 1841లో వ్రాసినదే ‘సంవత్సరము’. జనవరి స్వప్నము, రాబోవు మాసముల పాటల తునకలు నిద్రలో వలె తోచి మాయమగును. ఫిబ్రవరి రోములో తాను చూచిన కార్నివాల్ ఉత్సవము. వ్రేళ్ళు మిక్కిలి వేగముగ పరుగిడును. మార్చిలో దుఃఖభారముతో మొదలై ఈస్టరు పండుగనాటి ప్రాచీన కీర్తన గంటానాదమువలె పైకి లేచును. మే నెలకు వసంతగీతము, జూనునకు రాత్రివేళ ప్రియురాలి కిటికీ క్రింద పాడు పాట. ఆగస్టున పంటలు, అక్టోబరున వేటకొమ్ములు. సెప్టెంబరునకు ‘నది యొడ్డున’ అని పేరు. కుడిచేతి చిన్న వ్రేళ్ళు నీటి యలలవలె ఎడతెగక కదలుచుండగా, నడుమ గంభీరమైన పాట యొకటి మెల్లగ నడచును. ప్రవాహము మీదను గాక దాని లోపల ఎవరో పాడుచున్నట్లుండును. రెండు చేతులతో మూడు పనులు చేయు నీ నేర్పు పియానోకు మాత్రమే తగినది; హార్మోనియముపై వాయింపబూనినచో అల యొకటియు మిగులదు. డిసెంబరులో మంచు కురియును, లూథరు క్రిస్మసు కీర్తన వినవచ్చును. పన్నెండు నెలలు ముగిసిన పిదప గతించిన యేటిని గూర్చిన పాత కీర్తన నొకదానిని ఆధారముగ గొని భరతవాక్యము. మొత్తము ముప్పావు గంట సేపు, అనగా రమారమి 45 నిమిషములు, పట్టును.

దీనిని చిన్నపాటల గుత్తి యని మాత్రమే యెంచరాదు. ఏడాది కాలమును ఒక్క రచనగ కూర్చి, మొదటి నెలలోనే కడమ నెలలను స్మరింపజేయు నీ పథకము ఆనాటి పియానో సాహిత్యమున అరుదైనది. చైకోవ్‌స్కీ తన పన్నెండు నెలల ఖండికలను వ్రాసినది 1875–76లో; అవి లోకమంతట మ్రోగినవి. ఫానీ నెలలు ఇంటిపెట్టెలో నుండెను. వాని సాపుప్రతిని ఆమె నెలకొక రంగు కాగితముపై వ్రాసెను. విల్హెల్మ్ ప్రతి నెలకును ఒక చిన్న చిత్రమును గీచెను. పక్కన ప్రసిద్ధకవుల పంక్తులు చేర్చబడినవి. దంపతుల కలసిన చేవ్రాలది. చూడ ముచ్చటయే, కాని పన్నెండింటిలో ఆమె బ్రతికియుండగా అచ్చైనది సెప్టెంబరు ఒక్కటే.

అదియు 1846లో గాని కాలేదు. ఆ సంవత్సరమున బెర్లినులోని ప్రకాశకులు కోరగా, నలుబదియేండ్ల వయస్సున, ఫానీ తన పేర అచ్చువేయుటకు నిశ్చయించుకొనెను. జూలైలో తమ్మునికి వ్రాసిన జాబులో, పదునాలుగేండ్లప్పుడు తండ్రికి జంకినట్లే నలుబదియేండ్లప్పుడు సోదరులకు జంకుచున్నానని తన్నుతాను పరిహసించుకొనెను. అనుమతి యడుగలేదు, తెలియజేసినది. కొన్ని వారములకు ఫెలిక్సు ఆశీర్వచనము వ్రాసి పంపెను. మొదటి పాటల సంపుటమును, పిమ్మట పియానో ఖండికలును వెలువడినవి. ఏడాదియైన నిండలేదు. 1847 మే 14వ తేదీని ఆదివారపు కచేరీకై తమ్ముని రచన నభ్యసింపజేయుచుండగా ఆమె చేతులు మొద్దువారెను. ఆ రాత్రియే పక్షవాతముచే మరణించెను. అదే సంవత్సరము నవంబరు 4న ఫెలిక్సు కూడ మరణించెను. ఫానీ రచనలు నాలుగు వందలకు పైబడియున్నవి. 1850లో మరి కొన్ని అచ్చైన పిమ్మట చాలకాలము నిశ్శబ్దము. లియానా సెర్బెస్కూ, బార్బరా హెల్లరు అను నిరువురు స్త్రీలు పరిష్కరింపగా ‘సంవత్సరము’ 1989లో కాసెల్ నగరమున వెలువడినది. ప్రచురించిన ఫూరోరె సంస్థ స్త్రీల సంగీతరచనల కొరకే యేర్పడినది. రంగు కాగితముల ప్రతికి నకలు 2000వ సంవత్సరమున వచ్చినది. స్క్రీదె రికార్డు దాని వెనుక నడచినది.

ఇది పరదేశపు కథ యని త్రోసివేయుటకు వీలులేదు. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రచించెను. తరువాతి కాలమున అచ్చైన ప్రతిలో కవయిత్రి తన వంశమును చెప్పుకొన్న పద్యములును, మరికొన్నియు లోపించియుండుట చూచి బెంగుళూరు నాగరత్నమ్మ మూలమును వెదకించి, సమగ్రముగ 1910లో వావిళ్ళవారిచే ప్రకటింపజేసెను. స్త్రీవిద్యకును, వితంతు వివాహమునకును జీవితము ధారవోసిన వీరేశలింగముగారు ఈ కావ్యమును ఖండించినవారిలో ముఖ్యులు. స్త్రీ వినరాని మాటలు స్త్రీ నోట వచ్చుట ఆయన సహింపలేదు. పురుషుడు వ్రాసిన శృంగారమున కట్టి యభ్యంతరము లేదేమని నాగరత్నమ్మ యడిగెను. ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. ఆ నాగరత్నమ్మ మన దక్షిణదేశమున గ్రామఫోను రికార్డులకు పాడిన తొలి తరము గాయనులలో నొకరు. మర్యాదస్థుల యిండ్లలోనికి ఆమె రాకకు అభ్యంతరముండెను; ఆమె రికార్డుకు లేకుండెను. ఇంటిలోని ఫానీని బయటికి రానీయలేదు. బయటి నాగరత్నమ్మను ఇంటిలోనికి రానీయలేదు. ఇరువురిని గూర్చియు తీర్పు చెప్పినవారు విద్యావంతులే. ఇక మన బతుకమ్మ పాటలలో కట్టినవారి పేరు తెలిసిన వెన్ని?

పేరు పోవుట కొకప్పుడు ద్వేషమక్కరలేదు, ఒక్క యక్షరము చాలును. ఫానీ 1828లో వ్రాసిన ‘ఈస్టరు సొనాటా’ చాలకాలము దొరకలేదు. 1970 ప్రాంతమున పారిసులో వ్రాతప్రతి యొకటి బయటపడినది. దానిపై పేరు ‘ఎఫ్. మెండెల్సోన్’ అని యుండెను. ఎఫ్ అనగా ఫానీయు కావచ్చును, ఫెలిక్సును కావచ్చును. ఇంత బలమైన రచన తమ్మునిదే యనుకొనిరి. ఎరిక్ హైడ్‌సియెక్ అను ఫ్రెంచి వాదకుడు ఫెలిక్సు పేరనే దానిని రికార్డు చేసెను. 2010లో ఆంజెలా మేస్ అను అమెరికా పరిశోధకురాలు ఆ వ్రాతప్రతిని స్వయముగ పరిశీలించెను. దస్తూరి ఫానీది; పుటల సంఖ్యలు బెర్లినులో నున్న ఆమె సంపుటమున చినిగిపోయిన పుటలకు సరిపడినవి. 2017 మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినమున, లండను రాయల్ సంగీత కళాశాలలో సోఫియా గుల్యాక్ దానిని ఫానీ పేర వాయించెను. బీబీసీవారు ప్రసారము చేసిరి. పాత రికార్డుల సేకర్తల యొద్ద హైడ్‌సియెక్ రికార్డింకను దొరకుచున్నది. దాని యట్టపై నున్న పేరు మాత్రము ఫెలిక్సుదే.